గవర్నర్ పదవికి నోటిఫికేషన్ రాదు

ప్రశ్న: నాకు 30 ఏళ్ళు. ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కోర్టులో ఆరేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మొదటి నాలుగేళ్ళు సీనియర్ గారి దగ్గర, ఆ తర్వాత సొంతంగా. నెలకు 20 వేలు మిగిలితే మంచి నెల కింద లెక్క. మా సీనియర్ గారి ఆఫీసులో పి. శివశంకర్ గారి పాత ఫొటో ఒకటి ఉండేది. హైదరాబాద్ లాయరు, హైకోర్టు జడ్జి, కేంద్ర మంత్రి, చివరికి గవర్నర్ అని ఆయన చెబుతుంటే నాకూ గవర్నర్ కావాలని మనసులో పడిపోయింది. దయచేసి నవ్వకండి. ఇప్పుడు మా మేనమామ ఒక పార్టీ లీగల్ సెల్‌లో జిల్లా బాధ్యత ఇప్పిస్తానంటున్నాడు. "కోర్టు వరండాలో నిలబడితే గవర్నర్‌వి కావు, పార్టీలో తిరిగితే అవుతావు" అంటాడు. ఫుల్‌టైమ్ తిరగాలట, నెలకు కొంత ఇస్తారట. ప్రాక్టీసు దాదాపు మూతపడినట్టే. నాన్నేమో జడ్జి పరీక్షలు రాయమంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక యువ న్యాయవాది

జవాబు:

నవ్వలేదమ్మా. నల్లకోటు వేసుకున్న కొత్తలో అందరం ఏదో ఒకటి అనుకుంటాం. నేను అడ్వకేట్ జనరల్ అవుతాననుకున్నాను. ఇప్పుడు 60 దాటాక, మా ఊరి బార్ అసోసియేషన్‌లో ఫ్యాన్ కింద కుర్చీ దొరికితే చాలనుకుంటున్నాను. మీ కోరికలో తప్పు లేదు. మీ మామయ్య చూపించిన దారిలోనే చిక్కుంది. దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ ఫొటోలో మనిషి గురించి మాట్లాడుకుందాం. మీ సీనియర్ గారు మీకు పదవుల జాబితా చెప్పారు గానీ తేదీలు చెప్పినట్టు లేదు.

పుంజాల శివశంకర్ గారు 1929లో హైదరాబాద్ దగ్గర మామిడిపల్లిలో పుట్టారు. వెనుకబడిన కులం నుంచి వచ్చి, నిజాం కాలం నాటి పెద్ద కుటుంబాల పేర్లు మోగే హైదరాబాద్ బార్‌లో నిలబడ్డారు. 1974లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి అయ్యారు. అప్పటికి 45 ఏళ్ళు. అంటే అంతకు ముందు ఎన్నేళ్ళు వకాల్తాలు వేసి, వాయిదాలు తిరిగి, ఎన్ని అప్పీళ్ళు వాదించి ఉంటారో లెక్కేసుకోండి. ఫొటోలో ఆ సంవత్సరాలు కనపడవు. జడ్జి పదవి వచ్చిన మరుసటి ఏడాదే, 1975లో, దానికి రాజీనామా ఇచ్చేశారు. ఆ కుర్చీ కోసం జీవితమంతా ఎదురుచూసేవాళ్ళను నేను చాలామందిని చూశాను. రాజీనామా అనే మాట వాళ్ళ నోట వినలేదు.

ఆ తర్వాత ఢిల్లీ. 1977లో ఓడిపోయి, కేసులు, విచారణ కమిషన్లు చుట్టుముట్టిన ఇందిరా గాంధీకి లాయరుగా నిలబడ్డవాళ్ళలో ఆయన ఒకరు. ఆయనకు రాజకీయాల్లోకి తలుపు తెరుచుకుంది ఇక్కడే. మీ మామయ్య చెప్పే కథకూ జరిగిన కథకూ తేడా చూడండి. శివశంకర్ గారు పార్టీలో తిరిగి లాయరు కాలేదు. లాయరుగా పనికొచ్చారు కాబట్టి పార్టీకి దగ్గరయ్యారు. కష్టంలో ఉన్న నాయకురాలికి ఆ రోజు కావలసింది జెండా పట్టుకునే మనిషి కాదు, ఫైలు చదివి, చట్టం వెతికి, కోర్టులో లేచి నిలబడే మనిషి. 1979 ఉప ఎన్నికలో సికింద్రాబాద్ నుంచి లోక్‌సభకు వెళ్ళారు. 1980 జనవరిలో ఇందిర తిరిగి వచ్చినప్పుడు న్యాయశాఖ మంత్రి అయ్యారు. తర్వాత పెట్రోలియం, విదేశాంగం, మానవ వనరుల అభివృద్ధి అంటూ చాలా శాఖలు చూశారు. 1984లో మెదక్‌లో ఓడిపోతే గుజరాత్ నుంచి రాజ్యసభకు పంపారు. తెలుగు లాయరు గుజరాత్ ప్రతినిధి కావడమేమిటని అప్పట్లో మా బార్‌లో జోకులు పేలేవి. 1989లో ప్రభుత్వం పోయాక రాజ్యసభలో ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నది కూడా ఆయనే.

ఆయన రాజకీయ జీవితంలో మీరు నిజంగా చదవాల్సినవి రెండు కేసులు. రెండింటికీ గవర్నర్ పదవితో సంబంధం లేదు.

మొదటిది 1981 నాటిది. న్యాయశాఖ మంత్రిగా ఉండగా ఆ ఏడాది మార్చి 18న ఆయన ముఖ్యమంత్రులకు ఒక సర్క్యులర్ పంపారు. హైకోర్టుల్లో అదనపు న్యాయమూర్తులుగా, అంటే కొంత గడువుకే నియమితులై ఉన్నవాళ్ళను, వేరే రాష్ట్రం హైకోర్టులో శాశ్వత జడ్జిగా వెళ్ళడానికి ఒప్పుకుంటారా అని అడిగి, ఇష్టమైన మూడు హైకోర్టుల పేర్లు రాయించుకోమని దాని సారాంశం. హైకోర్టు జడ్జీల్లో మూడోవంతు మంది బయటి రాష్ట్రాల వాళ్ళుండాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన. లాయర్లు భగ్గుమన్నారు. కోర్టులకెక్కారు. ఆ కేసే ఎస్.పి. గుప్తా కేసుగా 1981 డిసెంబర్ 30న ఏడుగురు జడ్జీల తీర్పుతో ముగిసింది. సర్క్యులర్ నిలబడింది, జడ్జీల నియామకంలో ప్రభుత్వానిదే పైచేయి అయింది. 1993లో ఇంకా పెద్ద ధర్మాసనం దాన్ని తిరగేసి, కొత్త జడ్జీలను సీనియర్ జడ్జీలే ఎంపిక చేసే కొలీజియానికి దారి వేసింది. ఇందులో నాకు బాగా నచ్చే విచిత్రం ఒకటుంది. ఈ కేసు వేయడానికి లాయర్లకు హక్కేమిటి అని ప్రశ్న వస్తే, ఉందని కోర్టు చెప్పింది. ఈ దేశంలో ప్రజాప్రయోజన వ్యాజ్యాలకు పునాది ఆ మాటే. అంటే ఒక లాయరు మంత్రి అయి పంపిన కాగితం మీద లాయర్లు పోట్లాడితే, సామాన్యుడి కోసం ఎవరైనా కోర్టు తలుపు తట్టే హక్కు గట్టిపడింది. సర్క్యులర్ రాసిన మంత్రి దీన్ని ఊహించి ఉంటారని నేననుకోను.

రెండోది పి.ఎన్. దూడా కేసు. 1987 నవంబర్ 28న హైదరాబాద్‌లో లాయర్ల సభలో శివశంకర్ గారు మాట్లాడారు. అప్పుడాయన కేంద్ర మంత్రి. సుప్రీంకోర్టు జడ్జీలు ఉన్నత వర్గాల నుంచి వచ్చినవాళ్ళని, జమీందార్లకు, బ్యాంకుల యజమానులకు అక్కడ దొరికిన సానుభూతి పేదవాడికి దొరకలేదని, కోడళ్ళను తగలబెట్టినవాళ్ళకూ విదేశీ మారకం నేరగాళ్ళకూ అది ఆశ్రయమైందని ఘాటుగా అన్నారు. కోర్టు ధిక్కారం కింద శిక్షించాలని ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1988 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది: ఇది ధిక్కారం కాదు, న్యాయవ్యవస్థ గురించి చేసిన విమర్శ. అయితే ఒకప్పుడు హైకోర్టు జడ్జిగా చేసిన మనిషి కొన్ని మాటలు వాడకుండా ఉండాల్సిందని కూడా అన్నారు. నాకు ఈ మనిషి మీద గౌరవం పెరిగింది ఈ ఒక్క ప్రసంగం వల్లే. పై నుంచి కింద దాకా కోర్టుల్లో ఎవరు కూర్చుంటున్నారు, ఎవరు వరండాలో నిలబడుతున్నారు అని ఆయన అడిగిన ప్రశ్నకు 1988లో జవాబు రాలేదు. మీ కోర్టులో రేపు పొద్దున పది గంటలకు చూడండి, ఇప్పటికీ రాలేదు.

ఇక గవర్నర్ పదవి. 1994 సెప్టెంబర్‌లో సిక్కిం గవర్నర్ అయ్యారు. అప్పటికి 65 ఏళ్ళు. 1995 నవంబర్‌లో కేరళకు మార్చారు. 1996 మే మొదట్లో అదీ అయిపోయింది. మొత్తం కలిపితే ఏడాదిన్నర దాటి కొద్ది వారాలు. ఆయన గ్యాంగ్‌టక్‌లో ఉండగా 1994 డిసెంబర్‌లో పవన్ చామ్లింగ్ సిక్కిం ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ముఖ్యమంత్రి ఆపకుండా 2019 దాకా, 24 ఏళ్ళకు పైగా కొనసాగారు. గవర్నర్ మాత్రం చామ్లింగ్ వచ్చిన 11 నెలలకే సామాను సర్దుకుని తిరువనంతపురం వెళ్ళారు. అక్కడ కేరళ అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు వచ్చే లోపే దిగిపోయారు. 1998లో మళ్ళీ ఎన్నికల్లో నిలబడి తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచారు. రాజ్‌భవన్ చూసి వచ్చాక మళ్ళీ ఓట్లడగడం నాకు అంతగా నచ్చదు. కానీ ఆయన వైపు నుంచి చూస్తే, ఆ పదవి ఆయనకు శిఖరం కాదు, మధ్యలో దిగిన ఒక స్టేషన్ అంతే. 2017 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పోయినప్పుడు మా కోర్టులో మేం మాట్లాడుకున్నది సిక్కిం గురించి కాదు. సర్క్యులర్ గురించీ, ఆ ప్రసంగం గురించీ.

ఆ పదవి ఎలాంటిదో లాయరుగా మీకు తెలియనిది కాదు గానీ, కోరికతో చదివినప్పుడు కొన్ని ఆర్టికల్స్ మసకగా కనపడతాయి. రాజ్యాంగం 157వ ఆర్టికల్ ప్రకారం భారత పౌరులై, 35 ఏళ్ళు నిండితే చాలు. లా డిగ్రీ అక్కర్లేదు, అసలు ఏ డిగ్రీ అక్కర్లేదు. 155 ప్రకారం రాష్ట్రపతి నియమిస్తారు, అంటే కేంద్ర మంత్రివర్గం. నోటిఫికేషన్ ఉండదు, అప్లికేషన్ ఉండదు, ఇంటర్వ్యూ ఉండదు. 156 ప్రకారం అయిదేళ్ళు అని రాసి ఉన్నా, రాష్ట్రపతికి ఇష్టమున్నంత కాలమే. ఊరికే కారణం లేకుండా, ప్రభుత్వం మారింది కదా అని తీసేయకూడదని బి.పి. సింఘాల్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది నిజమే. అయినా రాజీనామా చేయమని ఢిల్లీ నుంచి ఫోన్ వస్తే ఎంతమంది కోర్టుకు వెళ్ళారు చెప్పండి. జీతం ఇప్పుడు నెలకు మూడున్నర లక్షలు. మీ 20 వేల పక్కన పెడితే పెద్దదే. 361 ప్రకారం పదవిలో ఉండగా చేసిన అధికార విధులకు ఏ కోర్టుకూ జవాబు చెప్పక్కర్లేదు. జీవితమంతా కోర్టులకు జవాబు చెప్పి బతికిన లాయరుకు ఇది వింత సుఖం. ప్రమాణం చేయించేది మాత్రం హైకోర్టు చీఫ్ జస్టిసే.

ఈ సుఖం ఎంత ప్రమాదమో ఫాతిమా బీవి గారి సంగతి చూస్తే తెలుస్తుంది. మీరు ఆడపిల్ల కాబట్టి ఆవిడ గురించి వినే ఉంటారు. 1950లో కొల్లంలో లాయరుగా మొదలుపెట్టారు. 1958లో మున్సిఫ్, అంటే కింది కోర్టు జడ్జి, అయ్యారు. మెట్టు మెట్టు ఎక్కి 1989లో సుప్రీంకోర్టుకు వచ్చిన మొట్టమొదటి మహిళా జడ్జి. 1997లో తమిళనాడు గవర్నర్. ఇంతవరకు మచ్చలేని ప్రయాణం. 2001 మేలో, శిక్ష పడి ఎన్నికల్లో పోటీకే అర్హత లేకపోయిన జయలలిత గారిని ముఖ్యమంత్రిగా ప్రమాణానికి పిలిచారు. జూన్ చివర అర్ధరాత్రి కరుణానిధి గారి అరెస్టు జరిగింది. కేంద్ర మంత్రివర్గం గవర్నర్‌ను వెనక్కి పిలవాలని సిఫారసు చేయడంతో ఆవిడ రాజీనామా చేశారు. సెప్టెంబర్‌లో జయలలిత గారి నియామకం చెల్లదని రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మెజారిటీ పార్టీ ఎన్నుకున్న నాయకురాలిని కాదనలేను కదా అన్నది ఆవిడ వాదన. అందులో బొత్తిగా పస లేదని నేననను. కానీ 40 ఏళ్ళకు పైగా కట్టుకున్న పేరు మీద ఆ ఒక్క నెల నీడ పడింది. ఆవిడ 2023లో పోయినప్పుడు వచ్చిన చాలా వ్యాసాల్లో ఆ నీడ ఉంది.

ఇంకో మాట. లాయర్ల నుంచి గవర్నర్లయినవాళ్ళు మనకు కొత్త కాదు. బరంపురంలో ప్లీడరుగా మొదలై, ఆ పని వదిలేసి స్వాతంత్ర్యోద్యమంలోకి, కార్మిక సంఘాల్లోకి వెళ్ళిన వి.వి. గిరి గారు ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు మూడింటికీ గవర్నర్‌గా చేశారు. తిరువనంతపురం లాయరు పట్టం థాను పిళ్ళై గారు కేరళ ముఖ్యమంత్రిగా ఉండగానే గవర్నర్‌గా పంపిస్తే పంజాబ్ వెళ్ళి, తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌కు వచ్చారు. ముఖ్యమంత్రి కుర్చీ ఖాళీ చేయించడానికి రాజ్‌భవన్ పనికొస్తుందని అప్పుడే తేలింది. 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్ అయిన అబ్దుల్ నజీర్ గారు కూడా 1983లో కర్ణాటకలో లాయరుగా మొదలై సుప్రీంకోర్టు జడ్జిగా రిటైరైనవారే. రిటైరైన రెండు నెలల లోపే ఆ పదవికి వచ్చారు. ఇలా వెంటనే ఇవ్వడం నాకు నచ్చదు, కొన్నేళ్ళ గడువు ఉంటే బాగుంటుంది. అది వేరే చర్చ. నేను చెప్పదలచుకున్నది, వీళ్ళలో ఒక్కరు కూడా గవర్నర్ అవుదామని బయల్దేరినవాళ్ళు కారు. ఇంకేదో పనిలో పేరు వచ్చాక ఆ పదవి వాళ్ళను వెతుక్కుంటూ వచ్చింది, లేదా అడ్డు తొలగించడానికి అంటగట్టారు.

ఇప్పుడు మీ మామయ్య గారి మాట దగ్గరికి. మన కోర్టు భాషలో పార్టీ అంటే క్లయింటు. "పార్టీ వచ్చాడా?" అని గుమస్తాను అడుగుతాం. మామయ్య చెప్పే పార్టీ వేరే. మొదటి రకం పార్టీ ఆలస్యంగానైనా ఫీజిస్తాడు. రెండో రకం గురించి నా అనుభవం చెబుతాను. నా 34వ ఏట ఒక పార్టీ ధర్నా కేసుల్లో కార్యకర్తల తరఫున రెండేళ్ళు వాయిదాలు తిరిగాను. బెయిలు పిటిషన్లు నావే, ష్యూరిటీలను వెతికిందీ నేనే, జిరాక్సుల డబ్బులూ నావే. ప్రభుత్వం వచ్చింది. గవర్నమెంట్ ప్లీడరు పోస్టు నాకేనన్నారు. జీవో వచ్చిన రోజు పేరు చూస్తే వేరేవాళ్ళది. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడకు చెప్పలేక రాత్రి పది దాకా బార్ రూమ్‌లో కూర్చున్నాను. ఆ రెండేళ్ళలో నా సివిల్ ఫైళ్ళు సగం పక్క లాయరు దగ్గరికి వెళ్ళిపోయాయి. అవి తిరిగి రావడానికి అయిదేళ్ళు పట్టింది.

రాజకీయాలు వద్దని కాదు. లాయరు రాజకీయాల్లో ఉండొచ్చు. ఎమ్మెల్యే, ఎంపీ అయ్యాక కూడా ప్రాక్టీసు చేయొచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ నెలకు కొంత ఇస్తారట అన్నారు చూశారా, నాకు అక్కడ అనుమానం. ఫుల్‌టైమ్ జీతం తీసుకునే ఉద్యోగి అయితే బార్ కౌన్సిల్ నిబంధనల్లో 49వ రూల్ ప్రకారం ప్రాక్టీసు ఆపాలి, ఆపినట్టు బార్ కౌన్సిల్‌కు చెప్పాలి. గౌరవ వేతనమా జీతమా అన్నది మామయ్య ఇచ్చే భరోసాతో తేలదు. ఏం కాగితం ఇస్తారో అడగండి.

అసలు చిక్కు ఇంకోటుంది. మీకు ఆరేళ్ళు నిండాయి. ఏడో ఏడు మీ చేతిలో ఉంది. రాజ్యాంగం 233 ఆర్టికల్ రెండో క్లాజు ప్రకారం బార్ నుంచి నేరుగా జిల్లా జడ్జి కావడానికి ఏడేళ్ళు లాయరుగా ఉండాలి. జిల్లా పబ్లిక్ ప్రాసిక్యూటర్, అడిషనల్ పీపీ పోస్టులకు కూడా ఏడేళ్ళే. ఒకప్పుడు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 24వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 18వ సెక్షన్. జిల్లా జడ్జి పోస్టుకైతే ఆ ఏడేళ్ళు అప్లికేషన్ నాటికి తెగకుండా ఉండాలని దీపక్ అగర్వాల్ కేసులో 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు ఒక ఏడాది పార్టీ ఆఫీసులో జీతానికి కూర్చుంటే, ఆరేళ్ళ లెక్క మళ్ళీ మొదటికి వచ్చే ప్రమాదం ఉంది. వంటంతా అయ్యాక పొయ్యి ఆర్పి కుండ బోర్లించినట్టు. మామయ్యకు ఈ సంగతి తెలిసి ఉండదు, ఆయన లాయరు కాదు కదా.

నాన్నగారు చెప్పే జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మీకు అర్హత ఇప్పటికే ఉంది. 2025 మే 20 తీర్పుతో మూడేళ్ళ ప్రాక్టీసు మళ్ళీ తప్పనిసరి చేశారు. కొత్తగా పట్టా పుచ్చుకున్న పిల్లలు మీతో పోటీకి ఇంకా రాలేరు. మీకు కలిసొచ్చే కాలమే. కానీ సివిల్ జడ్జి అయితే రాజకీయాలు మూసుకుంటాయి, పార్టీ మీటింగు వైపు తొంగి కూడా చూడకూడదు. ఫాతిమా బీవి గారి దారి అది. శివశంకర్ గారి దారి వేరు. రెండూ ఒకేసారి నడవలేరు. ఏది మీది అని నేను చెప్పలేను. మీ ఉత్తరం రెండుసార్లు చదివితే మాత్రం, మీకు గవర్నర్ పదవి కన్నా ఎవరైనా "అమ్మో, ఆ లాయరమ్మా" అనుకోవాలన్న కోరికే ఎక్కువ కనపడింది. తప్పయితే మళ్ళీ రాయండి.

మామయ్యతో పోట్లాట వద్దు. "ఏడేళ్ళు నిండనివ్వు మామయ్యా, ఆ తర్వాత జీతం లేకుండా, ప్రాక్టీసు చేసుకుంటూ, కేసులుంటే చూస్తాను" అనండి. ఫీజు మాత్రం ముందే మాట్లాడుకోండి, బయటి పార్టీతో మాట్లాడినట్టే. ఆయన నొచ్చుకుంటే ఒక పండక్కి సర్దుకుంటుంది.

రేపు కోర్టుకు వెళ్ళే ముందు బీరువాలోంచి ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ తీసి తేదీ చూడండి. ఏడేళ్ళు ఏ నెలలో నిండుతాయో కాజ్ డైరీ మొదటి పేజీలో రాసుకోండి. మీరు వకాల్తా వేసిన కేసుల నంబర్లు, వాదించిన తీర్పుల కాపీలు ఒక ఫైలులో పెట్టడం ఇప్పుడే మొదలుపెట్టండి. పదేళ్ళ పైబడ్డ లాయరు సంతకం, దాని మీద జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరణ కావాల్సి వచ్చినప్పుడు, ఆఖరి వారంలో పరుగెత్తితే బెంచ్ క్లర్క్ కూడా పలకడు. ఆ సంతకానికి మీ సీనియర్ గారి దగ్గరికే వెళ్ళండి. ఆ ఫొటో ఇంకా గోడ మీద ఉందేమో చూసి నాకు రాయండి.